పాలూ నీళ్ళ లెక్కలు రావట్లేదని బ్యాంక్ జాబ్ వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చదివి బ్యాంక్ క్లర్క్‌కి ప్రిపేర్ అవుతోంది. పాలూ నీళ్ళూ కలిపే లెక్క కనిపిస్తే చాలు వదిలేస్తోంది, లెక్కలు తనకి పడవట, వేరే కోర్స్ చేస్తానంటోంది. మానిపించేయమంటారా?

జవాబు: వద్దండీ, మానిపించకండి. చాలామందికి కోచింగ్‌లో మొదటిరోజే ఎలిగేషన్ షార్ట్‌కట్ (రెండిటిని ఏ నిష్పత్తిలో కలపాలో తేడాలతో తేల్చేది) నేర్పేసి, అదెలా వచ్చిందో చెప్పకుండా వదిలేస్తారు, తర్వాత లెక్క కాస్త తిప్పి ఇచ్చేసరికి పిల్లలు ఆగిపోతారు, అంతే తప్ప తెలివి లేక కాదు.

20 లీటర్ల పాలల్లో 10 శాతం నీళ్ళున్నాయి, ఇంకెన్ని పోస్తే నీళ్ళు 25 శాతం అవుతాయి? పోసేవి ఎక్స్ లీటర్లు అనుకోమనండి. నీళ్ళు 2 + ఎక్స్, మొత్తం 20 + ఎక్స్, నీళ్ళు నాలుగోవంతు కాబట్టి 8 + 4ఎక్స్ = 20 + ఎక్స్, ఎక్స్ అంటే 4. ఇంకోలా చూసినా అంతే, పాలు ముందూ 18 లీటర్లే తర్వాతా 18 లీటర్లే, అవి ఇప్పుడు ముప్పావు వంతు కాబట్టి మొత్తం 24.

అసలు పాపకి ఇది కొత్త కాదండీ! ల్యాబ్‌లో యాసిడ్ పలచన చేసేటప్పుడు సీ1వీ1 = సీ2వీ2 (సీ అంటే గాఢత, వీ అంటే ఘనపరిమాణం) ఎన్నిసార్లు వేసుంటుందో, నీళ్ళెన్ని పోసినా లోపలున్న యాసిడ్ మారదనేగా ఆ సూత్రం. అక్కడ యాసిడ్, ఇక్కడ పాలు. ఈ ఒక్క మాట తనకి చెప్పండి ముందు.

కిలో 42 రూపాయల బియ్యం, 54 రూపాయల బియ్యం కలిపి 30 కిలోలు చేస్తే కిలో 50 పడాలి, అలాంటివైతే 42ఎక్స్ + 54(30 - ఎక్స్) = 1500 రాస్తే ఎక్స్ 10 వస్తుంది, అంటే 42వి 10 కిలోలు, 54వి 20 కిలోలు. ఇప్పుడు ఎలిగేషన్ వేయమనండి, 54కీ 50కీ, 50కీ 42కీ తేడాలు 4, 8, అంటే 1:2, అదే జవాబు. షార్ట్‌కట్ ఈ ఈక్వేషన్‌లోంచే పుట్టిందని ఒకసారి కళ్ళతో చూస్తే భయం పోతుంది. ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశ పరీక్షలో, 35 లెక్కలకి 20 నిమిషాలే, తప్పుకి పావు మార్కు కోత కూడా, కాబట్టి షార్ట్‌కట్ కావాలి, కాకపోతే రెండు వారాలు ఈక్వేషన్‌తోనే చేశాక.

తీసి మళ్ళీ పోసే లెక్కలు ఆఖర్న పెట్టుకోమనండి. 40 లీటర్ల పాలల్లోంచి 4 తీసి 4 నీళ్ళు, ఇలా మూడుసార్లు. ప్రతిసారీ ఉన్న పాలల్లో పదోవంతు పోతుంది, మిగిలే పాలు వరసగా 36, 32.4, 29.16 లీటర్లు. ఫార్ములా లేకుండా ఇదొక్కటి చేతితో చేయించండి, తర్వాత కూడా లెక్కలు పడవంటే అప్పుడు మళ్ళీ మాట్లాడదాం.