మనిషి గురించి రాసేటప్పుడు కులం, తెగ రాయాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. మండలం నుంచి వార్తలు పంపే ఒకరి చేతిలో ఒకే రోజు రెండు కాపీలు, అంటే డెస్క్‌కు పంపాల్సిన వార్తల రాతలు, ఉన్నాయి. ఒకటి, రాష్ట్ర కబడ్డీ జట్టుకు ఎంపికైన తండా అమ్మాయి మీద కథనం. రెండోది బైకుల దొంగ అరెస్టు. ఇద్దరూ లంబాడాలే. ఆ మాట రెండింట్లోనూ రాయాలా, రెండింట్లోనూ మానాలా, ఒకదాంట్లో రాసి ఇంకోదాంట్లో మానితే పక్షపాతం అంటారా?

పక్షపాతం కాదు. మొదటిదాంట్లో రాయొచ్చు, ఆ అమ్మాయికి అభ్యంతరం లేకపోతే. రెండోదాంట్లో రాయకూడదు. ఇది మనిషిని బట్టి ఒకసారి తేల్చేసుకునే విషయం కాదు, వాక్యాన్ని బట్టి ప్రతిసారీ తేల్చుకోవాల్సింది. 2022 జులై 25న ద్రౌపదీ ముర్ము ప్రమాణం చేసిన రోజు ‘తొలి ఆదివాసీ రాష్ట్రపతి’ అని రాయకపోతే వార్తే లేదు. అదే రాష్ట్రపతి స్నాతకోత్సవానికి వచ్చి పట్టాలు పంచితే ‘సంతాల్ తెగకు చెందిన’ అన్న ముక్కకు అక్కడ పని లేదు.

తేల్చుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, ఆ మాట కొట్టేసి కాపీ మళ్లీ చదవడం. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో అప్పుడూ అర్థమవుతుంటే ఆ మాట అక్కర్లేదు. రెండోది, ఆ చోట రెడ్డి, కమ్మ, బ్రాహ్మణ, వెలమ అని పెట్టి చూడటం. ‘బైకు చోరీ కేసులో రెడ్డి యువకుడి అరెస్టు’ అని ఎవరూ రాయరు, రాస్తే కాపీలు దిద్దే డెస్క్ నవ్వుతుంది. ‘లంబాడా యువకుడు’, ‘ఎరుకల మహిళ’ అని మాత్రం చేయి తిరిగిపోతుంది. ఈ రెండో పరీక్ష దగ్గరే ఎక్కువ కాపీలు తప్పుతాయి.

నేరవార్తలోకి కులం ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. పోలీసు కాగితంలో నిందితుడి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వృత్తి, నివాసం అని ఒకే వరసలో ఉంటాయి. అది వాళ్ల రికార్డు కోసం పెట్టుకున్న వరస, మన పాఠకుడి కోసం కాదు. ప్రెస్ నోట్ చూసి గబగబా టైపు చేసేటప్పుడు ఆ వరస అలాగే దిగిపోతుంది. 2025 సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు పోలీసు పత్రాల్లోంచే నిందితుల కులం తీసేయమంది, అట్రాసిటీ కేసులు మినహా. పత్రికల నడవడి చూసే ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెప్పేది కూడా సూటిగానే ఉంది: నేరంతో సంబంధం లేనప్పుడు, గుర్తింపుకో విచారణకో అవసరం కానప్పుడు నిందితుడినీ బాధితుడినీ కులంతో, మతంతో చెప్పకూడదు. కౌన్సిల్‌కు మందలించే, హెచ్చరించే అధికారమే తప్ప శిక్ష వేసే అధికారం లేదు కాబట్టి ఈ నియమం గోడమీద రాతలాగే మిగిలింది, అది వేరే సంగతి.

మీ రెండో కాపీ మామూలుగా ఇలా వస్తుంది: ‘బైకులు చోరీ చేస్తున్న లంబాడా యువకుడిని పట్టణ పోలీసులు అరెస్టు చేశారు. ఫలానా తండాకు చెందిన నిందితుడి నుంచి ఏడు బైకులు స్వాధీనం చేసుకున్నారు.’ దీన్ని ఇలా మార్చండి: ‘బస్టాండు, ప్రభుత్వాసుపత్రి దగ్గర నిలిపిన బైకులను మారుతాళంతో తీసి ఎత్తుకెళ్తున్న 24 ఏళ్ల యువకుడిని పట్టణ పోలీసులు అరెస్టు చేశారు. ఏడు బైకులు దొరికాయి. పోగొట్టుకున్నవాళ్లు ఆర్‌సీ తీసుకుని స్టేషన్‌కు రావాలని సీఐ చెప్పారు.’ కులం పోయిన చోట ఎక్కడ, ఎలా, ఏం చేయాలి అన్నవి వచ్చాయి. పాఠకుడికి పనికొచ్చేవి అవే. తండా పేరు దగ్గర కొంచెం ఆగాలి. పేరులోనే తండా ఉంటే అది కులం చెప్పినట్టే. అదే పేరుతో ఇంకో మనిషి ఉండి పొరపాటు పడే ప్రమాదం ఉంటే ఊరు రాయక తప్పదు, లేకపోతే మండలం చాలు.

ఊరి పేరే ముద్రగా మారిపోతే ఎలా ఉంటుందో బాపట్ల దగ్గరి స్టువర్టుపురం చూస్తే తెలుస్తుంది. 1871లో మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చిన నేరస్త తెగల చట్టం కింద ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్తుల లెక్కలో వేశారు. 1910లలో క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఆ సెటిల్‌మెంటులో వాళ్లను ఉంచారు. 1952లో చట్టం రద్దయింది. ‘స్టువర్టుపురం దొంగల ముఠా’ అన్న హెడ్డింగ్ మాత్రం రద్దు కాలేదు. పోలీసులు ‘పార్థీ గ్యాంగ్’ అన్నప్పుడు కూడా అంతే. నిందితులెవరో ఇంకా తేలకముందే ఒక తెగ పేరు ముఠా పేరుగా పేజీకి ఎక్కుతుంది, రేపు దొరికినవాళ్లు వేరే అని తేలినా ఆ ముద్ర పోదు. ‘తాళాలు పగలగొట్టి చోరీ చేసే అంతర్రాష్ట్ర ముఠా’ అంటే సరిపోతుంది.

పరారీలో ఉన్నవాడి ఆనవాళ్లు ఇచ్చేటప్పుడు ఎత్తు, వయసు, మచ్చ, బట్టలు, మాట్లాడే యాస రాయండి. కులం కంటికి కనబడదు, దాంతో ఎవరూ ఎవర్నీ పట్టుకోలేరు. మనిషి దొరికాక, ఆనవాళ్ల కోసం రాసిన ‘హిందీ యాస’ లాంటి ముక్కలను కూడా తర్వాతి కాపీల్లో కొనసాగించొద్దు. హైదరాబాద్ డ్రగ్స్ వార్తల్లో ఆఫ్రికా వాళ్లందరినీ ‘నైజీరియన్’ అనేయడం ఇంకో జబ్బు. పాస్‌పోర్టులో ఏ దేశమని ఉందో పోలీసులను అడిగి ఆ దేశం పేరే రాయాలి.

ఇక్కడికి ‘అసలు కులమే రాయొద్దు’ అని నిర్ణయించేసుకుంటే అంతకంటే పెద్ద తప్పు జరుగుతుంది. నేరానికి కారణమే కులమైతే అది రాయాల్సిందే, రెండు వైపులా రాయాల్సిందే. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతమయ్యారు, దాడి చేసింది కమ్మ సామాజికవర్గానికి చెందినవాళ్లు. దాన్ని ‘రెండు వర్గాల ఘర్షణ’ అని రాస్తే ఎవరు చంపారో ఎవరు చచ్చిపోయారో కలగాపులగం అవుతుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న యువకుడి హత్యలాంటి వాటిలో ‘దళిత యువకుడి హత్య’ అని బాధితుడి కులం పెద్దక్షరాల్లో వేసి, చంపించినవాళ్ల దగ్గరికొచ్చేసరికి ‘అమ్మాయి తరఫువారు’ అనడం మనవాళ్లకు అలవాటు. ఒక వైపు చెప్పి రెండో వైపు దాచడం కూడా పక్షమే.

‘ఒక సామాజికవర్గం’, ‘బలమైన వర్గం’ అన్న ముసుగు మాటలు కూడా మానేయాలి. కులం అవసరమైతే పేరు రాయండి, అవసరం లేకపోతే మొత్తం వదిలేయండి. మధ్యస్తంగా రాస్తే పాఠకుడు ఊహించుకుంటాడు, ఊహల్లో తప్పులే ఎక్కువ. ‘పాతబస్తీ యువకుడు’ అని మతాన్ని చెప్పకనే చెప్పడమూ అదే బాపతు.

కులం పేరు రాస్తేనే అట్రాసిటీ కేసు పడుతుందని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఆర్) అవమానించాలనే ఉద్దేశంతో చేసే దూషణ గురించి, 3(1)(ఎస్) అందరి ముందు కులం పేరుతో తిట్టడం గురించి చెబుతాయి. వాస్తవంగా, అవసరమైన చోట, గౌరవంగా తెగ పేరు రాయడం వాటి కిందికి రాదు. అయితే కేసు వార్త రాసేటప్పుడు ఆ తిట్టును యథాతథంగా అచ్చువేయొద్దు. ‘కులం పేరుతో దూషించారని ఫిర్యాదు’ అంటే చాలు.

లైంగిక నేరాల్లో, పిల్లల కేసుల్లో ఈ లెక్కంతా పక్కన పెట్టాలి. పోక్సో చట్టం సెక్షన్ 23 పిల్లల పేరు, చిరునామా, ఫొటోతో ఆగదు. కుటుంబ వివరాలు, బడి, పరిసరాలు, గుర్తుపట్టించే ఇంకే వివరమైనా బయటపెట్టొద్దంటుంది. అత్యాచార బాధితుల విషయంలో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ఉంది, రెండేళ్ల దాకా జైలు. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, దూరంగానైనా గుర్తుపట్టే అవకాశమిచ్చే వివరం కూడా వద్దంది. నలభై గడపల గూడెంలో ‘పదో తరగతి చదివే చెంచు బాలిక’ అంటే పేరు రాసినట్టే. మీ బైకుల దొంగ మైనర్ అని తేలినా బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 అడ్డం వస్తుంది, అతని పేరూ ఊరూ రాయకూడదు.

ఇప్పుడు కబడ్డీ అమ్మాయి. ముందు ఆమెనే అడగండి: ‘మీ తెగ పేరు రాయమంటారా, రాస్తే ఏ పేరు రాయాలి?’ కోచ్‌ని, సర్పంచ్‌ని అడిగితే వాళ్లకు నచ్చింది చెబుతారు. మైనరైతే అమ్మానాన్నలనూ అడగాలి. రాసిన వాక్యం ఫోన్లో చదివి వినిపించండి, రెండు నిమిషాల పని. వద్దంటే ఆ ముక్క లేకుండానే కథనం నిలబడాలి, నిలబడకపోతే కథనంలోనే బలం లేదు.

సరే అంటే, తెగ పేరు కారణంతో కలిసి రావాలి. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పధ్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులం ఆమెను ఎంపిక చేసి శిక్షణ ఇచ్చి పంపింది కాబట్టి ఆ కథలో లంబాడా కుటుంబం, గురుకులం రెండూ విషయంలో భాగమే. మీ అమ్మాయి కూడా గిరిజన గురుకులంలో చేరాకే మ్యాట్ మీద ఆడటం నేర్చుకుని ఉంటే ఆ వాక్యంలోనే తెగ పేరు సహజంగా ఒదుగుతుంది. మొదటి పేరాలో ఆట ఉండాలి: రైడరా, డిఫెండరా, సెలక్షన్స్‌లో ఎన్ని పాయింట్లు, ఎవరి మీద. తెగ మూడో పేరాలోనో నాలుగో పేరాలోనో. ‘అడవి బిడ్డ’, ‘మట్టిలో మాణిక్యం’, ‘తండా నుంచి తారగా’ అన్నవి దయచేసి వద్దు, కబడ్డీ ఆడిన మనిషి వాటి కింద కనబడకుండా పోతుంది. ‘తొలి లంబాడా క్రీడాకారిణి’ అని వేయాలనిపిస్తే జిల్లా క్రీడాధికారి దగ్గర, కబడ్డీ సంఘం దగ్గర పాత జాబితాలు చూశాకే వేయండి. ‘తొలి’ అన్న మాటకు మర్నాడు పొద్దున్నే ఖండన వస్తుంది.

ఏ పేరు అన్నది చిన్న విషయం కాదు. లంబాడా, లంబాడి, బంజారా, సుగాలి అన్నీ వాడుకలో ఉన్నాయి. రాయలసీమలో సుగాలి ఎక్కువ. ‘ఎస్టీ’ అని రాస్తే అది రాష్ట్రంతో ముడిపడిన హోదా. ఇదే సమూహం తెలుగు రాష్ట్రాల్లో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి (పాత నేరస్త తెగల ముద్ర తొలగించినవారి జాబితా). కర్ణాటకలోని కలబురగి (పాత గుల్బర్గా) నుంచి వచ్చిన లంబాడా కూలీని ‘ఎస్టీ’ అనేస్తే తప్పు. ఆదిలాబాద్ వైపు ఇంకో మెలిక ఉంది: 2017 చివర్లో గోండులు, కోలాములు ఒకవైపు, లంబాడాలు మరోవైపు నిలబడ్డ గొడవను ‘గిరిజనుల ఆందోళన’ అంటే ఎవరి ఆందోళనో తెలియదు. అలాంటి చోట తెగల పేర్లు విడివిడిగా రాయాల్సిందే. ఎస్సీ వర్గీకరణ వార్తలూ అంతే. 2025లో తెలంగాణ చట్టం 59 కులాలను మూడు గ్రూపులు చేశాక ‘దళితులు’ అన్న ఒక్క మాటతో ఆ వార్త రాయలేం. మంద కృష్ణ మాదిగ పేరులో ‘మాదిగ’ ఆయన ఎంచుకుని పెట్టుకున్నది, దాన్ని మర్యాద కోసమని కత్తిరించడం మర్యాద కాదు. చాకలి, మంగలి అన్నచోట రజక, నాయీ బ్రాహ్మణ అని రాయమంటే అలాగే రాయండి, ప్రభుత్వ జాబితాలోనూ ఆ పేర్లున్నాయి.

పేరు చూసి కులం ఊహించొద్దు. నాయుడు అంటే కమ్మ కావచ్చు, కాపు కావచ్చు, కొప్పుల వెలమ కావచ్చు. కొండరెడ్డి గోదావరి కొండల్లోని ఆదివాసీ, రెడ్డి కాదు. ఏజెన్సీ వాల్మీకి వేరు, సీమలో వాల్మీకి బోయ వేరు. ఇంటిపేర్లయితే నాలుగు కులాల్లో ఒకటే ఉంటాయి. మతం తోడైతే ఇంకా జాగ్రత్త: ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. చర్చిలో తీసిన ఫొటో పక్కన ‘ఎస్సీ’ అని మీరు వేసిన మాట ఒక మనిషి సర్టిఫికెట్ మీద ఫిర్యాదుకు ఆధారమవుతుంది.

జీవిత పరిచయాల్లో ‘నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు’ అన్న మొదటి వాక్యం అచ్చు పోసినట్టు వస్తుంది. ఆయన రాసినదానికీ చదువుకున్నదానికీ ఆ పుట్టుకకూ లంకె చూపించగలిగితే ఉంచండి, లేకపోతే పుట్టిన ఊరు చాలు. కొమురం భీమ్ గోండు అని చెప్పకుండా జోడేఘాట్ పోరు అర్థం కాదు. అల్లూరి సీతారామరాజును ‘గిరిజన వీరుడు’ అనడం మాత్రం తప్పు, ఆయన ఆదివాసీల పక్షాన నిలిచి పోరాడిన క్షత్రియుడు. చిట్యాల ఐలమ్మ జనం నోట చాకలి ఐలమ్మ. 2024లో మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు కాబట్టి అలాగే రాసి, ఇంటిపేరు ఒకసారి చెబితే బాగుంటుంది.

విదేశీ వార్తలకూ ఇదే లెక్క. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలేతలో హైదరాబాదు ఇంజినీరును కాల్చి చంపినవాడు ఆయన్ని ఇరానీయుడనుకున్నాడు. అక్కడ జాతే కారణం, కాబట్టి హెడ్డింగ్‌లోనే రావాలి. డాలస్‌లో కారు ప్రమాదానికి మాత్రం ‘నల్లజాతి డ్రైవర్’ అని అనువాదంలో చేర్చడానికి ఏ కారణమూ లేదు.

చివరగా, మీరు ఎంత జాగ్రత్తగా రాసినా హెడ్డింగ్ పెట్టేది డెస్క్, ఫొటో కింద వాక్యం రాసేది మరొకరు, ఆన్‌లైన్ ట్యాగులు తగిలించేది ఇంకొకరు. కాపీ పైన ‘హెడ్డింగ్‌లో, ఫొటో కింద, ట్యాగుల్లో కులం వద్దు’ అని ఒక లైను రాసి పంపండి. కబడ్డీ కాపీ అయితే ‘తెగ పేరు లంబాడా, అమ్మాయి చెప్పింది, మూడో పేరా నుంచి పైకి తేవద్దు’ అని రాయండి. పేజీ వెళ్లేముందు ఫోన్ చేసి హెడ్డింగ్ చదివించుకోండి.