విదేశాలకు వెళ్లే వైద్య బృందాలు ఆరోగ్య పాఠాలు కూడా చెప్పాలా?

గాయాలకి కుట్లు వేయడానికే టైం చాలదు, ఇంక పాఠాలెక్కడ చెప్తారు అని అడిగారు. చెప్పాలి, టైం లేనిచోట మరీ చెప్పాలి. నేను వైజాగ్‌లో నర్సుని, 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత ఒక స్వచ్ఛంద బృందంతో నేపాల్‌లోని సింధుపాల్‌చోక్ వెళ్లాను.

మొదట్లో అన్నీ విరిగిన ఎముకలే, తర్వాత్తర్వాత విరేచనాలతో పిల్లలు రావడం మొదలైంది. ఒకామె పిల్లాణ్ణి తెచ్చింది, కళ్లు లోపలికి పోయి వాడిపోయి ఉన్నాడు. అంతకుముందు ఎవరో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చారట, తాగిస్తూనే ఉందట. ఎలా కలిపావమ్మా అంటే చిన్న స్టీలు గ్లాసు చూపించింది! లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్ మొత్తం ఆ గ్లాసులో పోసేస్తోంది, అంత చిక్కగా పడితే ఒంట్లో ఉప్పు పెరిగి ఇంకా ప్రమాదం. నా హిందీ ఆమెకి సగమే అర్థమైంది. అప్పుడు ఆ ఊరి ఆరోగ్య స్వయంసేవిక, మన ఆశా కార్యకర్తలాంటి ఆవిడ, ఖాళీ లీటరు బాటిల్ తెచ్చి ఆ తల్లి చేతే కలిపించింది. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టడం, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టడం నేను చూపించాను. లైన్లో ఉన్న ఆడవాళ్లంతా చుట్టూ చేరి చూశారు. పావుగంట కూడా పట్టలేదు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి.

మన దగ్గర మాత్రం ఏం చేశారు? 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మా వీధిలో క్లోరిన్ బిళ్లలు పంచి వెళ్లిపోయారు, బిందెకి ఎన్ని వేయాలో చెప్పినవాళ్లు లేరు, పక్కింటి పెద్దమ్మ ఒకటి నోట్లో వేసుకోబోతుంటే పరుగెత్తి ఆపాను. ఫ్లెక్సీ కట్టడానికి, ఫొటోలకి మాత్రం అందరికీ టైం ఉంటుంది, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మీ బృందం నిజంగా వెళ్తుంటే ముందు అక్కడి స్వయంసేవికల ఫోన్ నంబర్లు కనుక్కుని, ఏ జబ్బులు వస్తున్నాయో, ఇళ్లల్లో నీళ్లు దేంట్లో పట్టుకుంటారో అడగండి. మందుల లిస్టు ఆ తర్వాత రాయండి.