భర్త షార్జాలో, ఉద్యోగం పోయిన భార్య గాజువాకలో: ఎవరి ఆదాయం ఎక్కడ లెక్కకొస్తుంది?

ప్రశ్న: మాది గాజువాక. దువ్వాడ సెజ్‌లోని ఒక కంపెనీలో ఆరేళ్లు ప్యాకింగ్‌లో పనిచేశాను. నెలకు 15,500 రూపాయల జీతం, అందులో బేసిక్, డీఏ కలిపి 11,700. పీఎఫ్, ఈఎస్ఐ కోసేవారు. ఆర్డర్లు లేవని సెప్టెంబరు నెలాఖరున నలభై మందిని తీసేశారు. మా వారు నాలుగేళ్లుగా షార్జాలో వెల్డర్; బేసిక్ 1,000 దిర్హామ్‌లు, అన్నీ కలిపి 1,600. ఇంటికి నెలకు 25 వేలు పంపుతారు. పిల్లలు నాలుగు, ఎనిమిది తరగతులు. ఎప్పటిదో రైస్ కార్డు ఉంది. ఆయన పేరు కార్డులోంచి తీయిస్తే అన్ని పథకాలూ వస్తాయని తెలిసినాయన ఒకరు చెబుతున్నారు. జర్మనీలో ఉన్న మా బంధువేమో పనిచేసే దేశమే పిల్లలకు డబ్బిస్తుందంటున్నాడు. మాకు న్యాయంగా ఏమేమి వస్తాయి? పీఎఫ్ మొత్తం తీసేయమంటారా?

జవాబు: కార్డులోంచి మీ వారి పేరు తీయించకండి, పీఎఫ్ ఇప్పుడే ముట్టుకోకండి. ఈ రెండింటికీ కారణాలు తర్వాత చెబుతాను. ముందు మీ ఉత్తరంలో అసలు లేని విషయం ఒకటుంది. మీరు వార్డు సచివాలయం వైపు చూస్తున్నారు గానీ, మీకు రావలసిన పెద్ద మొత్తం మిమ్మల్ని తీసేసిన కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

ఆరేళ్లు నిండిన కార్మికురాలిని, తన తప్పేమీ లేకుండా, పని లేదన్న కారణంతో తొలగించినప్పుడు, పూర్తయిన ఒక్కో సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలని కార్మిక చట్టం (2025 నవంబరు దాకా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, ఆ తర్వాత దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్) చెబుతోంది. దానితో పాటు నెల రోజుల నోటీసు, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. మీ జీతం మీద పరిహారం ఒక్కటే 46 వేల నుంచి 54 వేల దాకా ఉంటుంది. నెలను 30 రోజులుగా లెక్కించారా, 26 రోజులుగానా అన్నదే ఈ తేడా. ఇది కాక గ్రాట్యుటీ వేరే ఉంది. ఐదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి చట్టం ప్రకారం 11,700ను 26తో భాగించి, 15తోనూ ఆరేళ్లతోనూ హెచ్చిస్తే సరిగ్గా 40,500 వస్తుంది. గ్రాట్యుటీని అది బకాయి పడిన నాటి నుంచి 30 రోజుల్లోగా చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. మీకు ఇచ్చిన చివరి కాగితం తీసి చూడండి. అందులో ‘స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను’ అన్న వాక్యం కింద మీ సంతకం ఉంటే సంగతి చిక్కుబడుతుంది. అయినా నలభై మందీ ఒకే రోజు ఒకే మాటలతో రాజీనామా చేశారంటే కార్మిక శాఖ అధికారి ఊరికే నమ్మడు. కాబట్టి ఒక్కరే కాక, మీ లైనులోని వారంతా కలిసి కార్మిక శాఖ కార్యాలయంలో అర్జీ పెట్టుకోవడం మంచిది. మీ పేరు కంపెనీ రోల్స్‌లో ఉండేదా, కంట్రాక్టరు కింద ఉండేదా అన్నది పే స్లిప్ పై భాగంలో తెలుస్తుంది. కంట్రాక్టరు కింద అయితే మొదట ఆయన్నే అడగాలి.

రెండోది ఈఎస్ఐ. నెల జీతం 21 వేల లోపు ఉండి, కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగం చేసినవారికి, ఉద్యోగం పోతే సగటు రోజువారీ సంపాదనలో సగం చొప్పున 90 రోజుల వరకు భృతి ఇచ్చే ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’ 2018 జులై నుంచి నడుస్తోంది. ఇది జీవితంలో ఒక్కసారే వాడుకోగలిగినది. మీ లెక్కన రోజుకు 258 రూపాయలు, మొత్తం మీద దాదాపు 23 వేలు. ఉద్యోగం పోయిన 30 రోజులకు ఇది అడగవచ్చు. ఈఎస్ఐ పోర్టల్‌లో క్లెయిమ్ పెట్టి, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు బ్రాంచి కార్యాలయంలో ఇవ్వాలి. ఉద్యోగం పోగానే ఈఎస్ఐ కార్డు చెల్లదనుకుని చాలామంది దాన్ని బీరువాలో పడేస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు, తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు ప్రయోజన కాలం ఉంటుంది. అంటే వచ్చే జూన్ నెలాఖరు దాకా మీరూ పిల్లలూ మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మీ కష్టం మీద, మీ జీతంలోంచి పుట్టినవి. మీ వారు నెలకు లక్ష సంపాదించినా వీటిలో ఒక్క రూపాయి తగ్గదు. రాష్ట్ర ప్రభుత్వ పథకాల పద్ధతి వేరు. అక్కడ ఇల్లంతా కలిపి ఒకే లెక్క. తల్లికి వందనం కింద బడికి వెళ్లే ఒక్కో బిడ్డకు 15 వేలు కేటాయించి, 2 వేలు బడి నిర్వహణకు మినహాయించి, 13 వేలు తల్లి ఖాతాలో వేస్తున్నారు. ఇద్దరు పిల్లలంటే 26 వేలు, చిన్న మొత్తం కాదు. కానీ పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటకూడదు, కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు, వెయ్యి చదరపు అడుగులు లేదా అంతకు మించిన ఇల్లు ఉండకూడదు, కారు ఉండకూడదు, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. నిజానికి నిన్నమొన్నటి వరకు మీ ఒక్కరి జీతమే ఆ 12 వేల గీత దాటింది.

ఇక్కడే గల్ఫ్ కుటుంబాలు ఎక్కువగా పొరబడతాయి. ప్రవాసిగా ఉన్న వ్యక్తి విదేశంలో సంపాదించిన జీతానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు, ఆయన పంపినది మీ చేతిలోనూ పన్ను పడే ఆదాయం కాదు. దీన్నిబట్టి ‘మాకు ఆదాయమే లేదు’ అని సచివాలయంలో రాసిస్తారు. పన్ను పడకపోవడం వేరు, ఆదాయం లేకపోవడం వేరు. ప్రభుత్వ కంప్యూటరు షార్జా జీతాన్ని చూడకపోవచ్చు, కానీ ఆదాయ ధ్రువపత్రం కింద సంతకం మీది.

అలాగని అన్ని తలుపులూ మూసుకోలేదు. ఉచిత చికిత్స అందించే ఎన్టీఆర్ వైద్యసేవకు గీత 12 వేల దగ్గర లేదు, ఏడాదికి 5 లక్షల దగ్గర ఉంది. మీ వారి 1,600 దిర్హామ్‌లు, దిర్హామ్‌కు 24 రూపాయల లెక్కన నెలకు దాదాపు 38 వేలు, ఏడాదికి నాలుగున్నర లక్షల పైచిలుకు. కాబట్టి నిజం చెప్పే అందులో అర్హత పొందవచ్చు. ఇక 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది కదా, దానికి ఎవరి జీతంతోనూ పని లేదు. ఈ కాగితాలన్నిటి కోసం గాజువాక నుంచి ఎన్నిసార్లు తిరగాలో తలుచుకుంటే అదీ ఒక ప్రయోజనమే.

కార్డులోంచి పేరు తీయించే మాటకు వస్తే, పెళ్లి రద్దు కానంతవరకు ఆయన మీ కుటుంబ సభ్యుడే, పేరు కొట్టేసినా ఆదాయం చెప్పవలసిందే. రేపు ఆయన తిరిగొచ్చినా, ఆయన పేరిట బీమా క్లెయిమ్ చేయవలసి వచ్చినా, కుటుంబమని చూపడానికి మీ దగ్గరున్న కాగితాల్లో ఆ కార్డు ఒకటి. ఒకవేళ ఆయన ఉద్యోగం కూడా పోయి ఇంటికి వచ్చేస్తే, ఆ నెలలోనే వెళ్లి మారిన ఆదాయంతో దరఖాస్తు పెట్టండి. అప్పుడు ఆ 26 వేలు మీకు న్యాయంగా వచ్చేవే.

జర్మనీ బంధువు అబద్ధం చెప్పలేదు. యూరోపియన్ యూనియన్‌లో 883/2004 నిబంధన ప్రకారం, తండ్రి ఒక సభ్య దేశంలో పనిచేస్తూ, ఉద్యోగం లేని తల్లి పిల్లలతో ఇంకో సభ్య దేశంలో ఉంటే, పనిచేసే దేశం ముందుగా పిల్లల భత్యం చెల్లిస్తుంది, పిల్లలున్న దేశంలో భత్యం ఎక్కువైతే ఆ తేడాను ఆ దేశం ఇస్తుంది. అది ఆ దేశాల మధ్య కుదిరిన ఏర్పాటు. మనకు జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలతో సామాజిక భద్రత ఒప్పందాలున్నా, యూఏఈతో లేదు.

అయితే యూఏఈలో మీ వారికి సొంతంగా హక్కులున్నాయి. అక్కడ 2023 జనవరి నుంచి ఉద్యోగం కోల్పోతే భృతినిచ్చే బీమా తప్పనిసరి. ఆయన బేసిక్ శ్రేణికి ప్రీమియం నెలకు 5 దిర్హామ్‌లు. వరుసగా 12 నెలలు కట్టి ఉంటే, ఉద్యోగం పోయినప్పుడు బేసిక్‌లో 60 శాతం, అంటే నెలకు 600 దిర్హామ్‌లు, మూడు నెలల వరకు ఇస్తారు. 30 రోజుల్లోగా అడగాలి, దేశం విడిచి వచ్చేస్తే ఆగిపోతుంది. సర్వీసు ముగింపు గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, ఈ నాలుగేళ్లకు 2,800 దిర్హామ్‌లు. రెండూ బేసిక్ మీదే కడతారు కాబట్టి, కాంట్రాక్టు కొత్తగా రాసేటప్పుడు మొత్తం జీతం కన్నా బేసిక్ ఎంత పెంచారో చూడమనండి.

ఆయనది ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లడానికి ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైనది) అయితే వెళ్లేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా చేయించే ఉంటారు. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు, ఆ స్థితిలో భార్యాపిల్లలకు ఇక్కడ ఏడాదికి 50 వేల వరకు ఆసుపత్రి ఖర్చు ఇచ్చే పాలసీ అది. మూడేళ్లకు ప్రీమియం 375 రూపాయలు. మూడేళ్లకు మించి ఆ పాలసీ ఇవ్వరు, మీ వారు వెళ్లి నాలుగేళ్లయింది. అంటే వెల్డింగ్ పనిలో ఉన్న మనిషికి ఈ ఏడాదంతా ఆ బీమా లేనట్టే. ఆన్‌లైన్‌లో పునరుద్ధరించుకోవచ్చు, ఈ రాత్రి ఫోనులోనే చెప్పండి.

ఇక పీఎఫ్. నిరుద్యోగంలో 75 శాతం వరకు తీసుకునే వీలుంది, ఐదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి పన్ను కూడా పడదు. అయినా చందా ఆగినంత మాత్రాన వడ్డీ ఆగదు, పైగా పెన్షన్‌కు కావలసిన పదేళ్లలో మీకు ఆరేళ్లు కూడాయి. ఈఎస్ఐ భృతి, గ్రాట్యుటీ చేతికొస్తే, ఆయన పంపే 25 వేలతో కలిపి ఈ విద్యా సంవత్సరం గడుస్తుంది. పీఎఫ్ పోర్టల్‌లో ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం ముగిసిన తేదీ) పడిందో లేదో మాత్రం చూసుకోండి. కంపెనీ వేయకపోతే, చివరి చందా తర్వాత రెండు నెలలకు మీరే వేసుకోవచ్చు.