సబ్‌స్టేషన్‌లో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీకు 220 కేవీ సబ్‌స్టేషన్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టింగ్ వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమమ్మా. మొన్న నువ్వు అడిగావు కదా, కరెంట్ కేంద్రాలను, ఊళ్లను కలిపే ఇంత పెద్ద లైన్ల వలను, అంటే గ్రిడ్‌ను, ఎవరైనా కూల్చేయగలరా అని. కూలుతుంది. దానికి శత్రువే రానక్కర్లేదు.

2012 జులై 30 తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ మొత్తం పడిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పోయాయి. దాదాపు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం అది. రెండు రోజులూ కథ మధ్యప్రదేశ్‌లోని బినా–గ్వాలియర్ 400 కేవీ లైన్ దగ్గరే మొదలైంది. వైరు తెగలేదు, పిడుగు పడలేదు. పక్క సర్క్యూట్ పనుల కోసం ఆపి ఉంది, రాష్ట్రాలు కోటాకు మించి లాగుతున్నాయి. ఆ లోడ్‌ను, లైన్‌కు కాపలా కాసే రిలే ఫాల్ట్ కింద లెక్కగట్టి లైన్ ట్రిప్ చేసింది, అంటే దానంతటదే ఆపేసింది. ఆ భారం మిగతా లైన్ల మీద పడి, అవీ ఒకదాని వెంట ఒకటి పోయాయి.

మన దక్షిణాది అప్పుడు చీకట్లోకి వెళ్లలేదు. మిగతా దేశంతో ఒకవైపు కుదుపును రెండోవైపుకు పాకనివ్వని గాజువాక లాంటి హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) లింకులతోనే కలిసి ఉండేవాళ్లం. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. దానివల్ల లాభం చాలా ఉంది. కానీ ఇప్పుడు ఎక్కడో ఉత్తరాన తగిలిన దెబ్బ క్షణాల్లో నీ ఫ్రీక్వెన్సీ మీటర్‌లో కనిపిస్తుంది. అందుకే ఫ్రీక్వెన్సీ పడిపోతే కొన్ని ఊళ్ల ఫీడర్లను (లైన్లను) వాటంతటవే ఆపి గ్రిడ్‌ను కాపాడే అండర్ ఫ్రీక్వెన్సీ రిలేల జోలికి ఎవర్నీ రానివ్వకు. మా ఊరి ఫీడర్ పోకుండా చూడండి అని ఫోన్లు వస్తాయి. మర్యాదగా మాట్లాడు, రిలేను మాత్రం బైపాస్ చేయనివ్వకు. 2012లో ఆ రిలేల వల్ల తగ్గాల్సినంత లోడ్ తగ్గలేదని విచారణ కమిటీ తేల్చింది.

ఇక బ్యాటరీ రూమ్. కొత్తగా చేరినవాళ్లు కంట్రోల్ రూమ్‌లోనే కూర్చుంటారు, అటు తొంగి చూడరు. స్టేషన్‌కు సప్లై మొత్తం పోయాక రిలే పనిచేయాలన్నా, బ్రేకర్ (లైన్‌ను కలిపి, విడదీసే స్విచ్) ట్రిప్ కావాలన్నా, గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్‌తో మాట్లాడాలన్నా ఆ బ్యాటరీ ఇచ్చే డీసీ ఒక్కటే దిక్కు. లాగ్ షీట్‌లో పైలట్ సెల్ (నమూనాగా కొలిచే సెల్) రీడింగ్ రోజూ ఒకే అంకె ఉంటే, చూడకుండా రాస్తున్నారని అర్థం. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ నువ్వే పట్టుకుని సెల్ తర్వాత సెల్ చూడు. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుందా, డిస్టిల్డ్ వాటర్ గీత కిందికి పోయిందా చూడు. పర్మిషన్ తీసుకుని చార్జర్ ఆపి, బ్యాటరీ ఒక్కటే ఎంతసేపు నిలబడుతుందో పరీక్షించు. ఒక్క సెల్ పాడైతే వరుస మొత్తానికీ ముప్పే. డీజిల్ జనరేటర్ కూడా అంతే. స్టార్ట్ చేసి ఆపేస్తే లెక్కలోకి రాదు, లోడ్ ఇచ్చి తిప్పాలి.

నీది తీరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఏం చేసిందో నువ్వూ చూశావు. టవర్లు కూలడం అందరికీ కనిపిస్తుంది. లోడ్ ఒక్కసారిగా పోవడమూ ప్రమాదమేనని చాలామందికి తట్టదు. లోడ్ లేని పొడవాటి లైన్ మీద వోల్టేజ్ పైకి లేస్తుంది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైపోయింది వోల్టేజ్ అదుపు తప్పే. మన దగ్గర 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆపినప్పుడు సుమారు 31,000 మెగావాట్ల డిమాండ్ తగ్గింది. ముందే తెలుసు కాబట్టి జలవిద్యుత్‌ను దించి, మళ్లీ పెంచి నెట్టుకొచ్చారు. తుపాను రాత్రి అంత వ్యవధి ఉండదు. పెరిగిన వోల్టేజ్‌ను దించే రియాక్టర్లు రెడీగా ఉన్నాయో లేదో ముందురోజే చూసుకో.

సూర్యుడి నుంచి వచ్చే సౌర తుపాను గురించి టెన్షన్ పడకు. 1989 మార్చిలో దానివల్ల కెనడాలోని క్యుబెక్ తొమ్మిది గంటలు చీకట్లో ఉన్న మాట నిజమే. మనం ధ్రువాలకు దూరం కాబట్టి ఆ బెడద తక్కువ.

హ్యాకర్ల సంగతి వేరు. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో ఆపరేటర్ల కళ్లముందే కర్సర్ తనంతట తాను కదిలి బ్రేకర్లు తెరిచేసింది. సుమారు రెండు లక్షల పాతిక వేల కనెక్షన్లకు కరెంట్ పోయింది. ఆ దొంగలు లోపలికి వచ్చిన దారి మామూలు ఈ-మెయిల్. కొన్ని గంటల్లోనే సప్లై తిరిగి వచ్చిందంటే, సిబ్బంది బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేయడం వల్లే. స్టేషన్‌ను దూరం నుంచి నడిపే స్కాడా కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ ఎవరూ పెట్టకూడదు, ఎంతటి ఆఫీసరైనా సరే. నీ షిఫ్ట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ బ్రేకర్‌ను లోకల్‌లో, అంటే దాని దగ్గరే నిలబడి చేత్తో, వేయడం రావాలి. యార్డ్‌లోకి తీసుకెళ్లి చేయించు.

చేరిన వారంలోనే, చీకటైన గ్రిడ్‌ను మళ్లీ లేపే బ్లాక్ స్టార్ట్ ప్రొసీజర్ అడిగి తీసుకో. అంతా పోయాక మొదట లేచేవి ఎక్కువగా జలవిద్యుత్ కేంద్రాలే. అక్కడి నుంచి నీ స్టేషన్‌కు సప్లై ఏ దారిన వస్తుందో కాగితం మీద గీసుకో. ఫోన్ నంబర్లు కూడా కాగితం మీదే ఉండాలి. ప్రొసీజర్ మీద తేదీ చూడు. తర్వాత వచ్చిన బేలు (ఒక్కో లైన్‌కుండే పరికరాల వరుసలు) అందులో లేకపోతే రాసి నీ పై అధికారి ఏడీఈ గారికి ఇవ్వు. అర్థం కానిది ఉంటే రాత్రి ఏ టైమ్‌కైనా నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య