కెమెరా పెట్టె: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో జోర్కీ-4 అనే పాత సోవియట్ ఫిల్ము కెమెరా బాడీ ఉంది, లెన్సు లేదు. ఎఫ్/2.8 ఇండస్టార్-61 లెన్సు చవగ్గా దొరుకుతోంది. ఎఫ్/2 జూపిటర్-8కు ఇంకాస్త అడుగుతున్నారు. ఎఫ్/1.5 జూపిటర్-3 ధర వింటేనే గుండె గుభేలుమంటోంది. ఇంట్లో పిల్లల ఫొటోలు, ఠాకురాణి జాతర సాయంత్రాలు తీయాలని ఉంది. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీ పనికి జూపిటర్-8. జాతర దీపాల వెలుగులో 400 ఐఎస్ఓ ఫిల్ముకు ఎఫ్/2.8 దగ్గర సెకనులో 30వ వంతు పడితే, ఎఫ్/2 దగ్గర 60వ వంతు సరిపోతుంది. నడిచే మనిషి అలుక్కుపోకుండా ఉండాలంటే ఆ ఒక్క స్టాపూ, అంటే రెట్టింపు వెలుగు, కావాలి. పగటి ఫొటోలే అయితే ఇండస్టార్‌కు వంక పెట్టలేం. జూపిటర్-3 జోలికి పోకండి. ఎఫ్/2 దగ్గరే, మీటరు దూరంలో, స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 5 సెంటీమీటర్లు. పాత రేంజ్‌ఫైండరుతో (రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసే ఏర్పాటు) అంతకన్నా సన్నటి లోతు పట్టుకోవడం కష్టం. ఇంకా విశాలంగా తీసే 35 మి.మీ. లెన్సు వైపూ చూడకండి, జోర్కీ-4 వ్యూఫైండరు 50 మి.మీ. లెన్సుకు తగ్గట్టు చేసింది. వేరే మి.మీ. లెన్సు పెడితే పైన ఇంకో ఫైండరు కొనాలి.

అసలు సంగతి పేరు కాదు, మీ చేతికొచ్చే లెన్సు ఎలా ఉందన్నది. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి తీసిన ఫొటో పంపమనండి. సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే ఫంగస్. పాలపొరలా పరుచుకుని ఉంటే మసక, దానివల్ల ఫొటో వెలవెలబోతుంది. నాలుగు దుమ్ము రేణువులకు భయపడక్కర్లేదు. అపర్చర్ రేకుల మీద నూనె కూడా ఇక్కడ పెద్ద దోషం కాదు. ఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం ద్వారా లెన్సులోంచే చూసే కెమెరా) లెన్సులోలా షట్టరు నొక్కగానే రేకులు టక్కున మూసుకోనక్కర్లేదు కదా, మనమే చేత్తో తిప్పుతాం. ఆ నూనె అద్దం మీదికి పాకిందా అన్నది మాత్రం చూడండి. ఫోకస్ రింగు బిగుసుకుపోతే లోపల గ్రీజు గట్టిపడ్డట్టే. బలవంతంగా తిప్పితే లెన్సే మౌంటు నుంచి ఊడి వస్తుంది.

వచ్చాక ఫిల్ము వేయకముందే ఒక పరీక్ష. కింది రెండు తాళాలు తిప్పి వెనక మూత తీయండి. ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద మసక సెల్లోటేపు ముడతల్లేకుండా అంటించండి. షట్టరు బి (నొక్కినంతసేపూ తెరిచి ఉండేది) మీద పెట్టి, కేబుల్ రిలీజుతో తెరిచి ఉంచి, లెన్సును అనంతానికి తిప్పి దూరంగా ఉన్న సెల్ టవర్ని భూతద్దంతో చూడండి. టేపు మీద బొమ్మ స్పష్టంగా ఉండి, వ్యూఫైండరులో రెండు బొమ్మలు కలవకపోతే తప్పు బాడీది. టేపు మీదే మసగ్గా ఉంటే లెన్సు ఎవరో విప్పి, లోపలి పల్చటి రింగు పెట్టకుండా బిగించి ఉంటారు. అమ్మినవాళ్లకు తిప్పి పంపండి. మీటరు దూరంలోనూ ఓసారి చూడండి. అన్నట్టు, జోర్కీలో నాబు తిప్పి షట్టరు బిగించాకే వేగం మార్చాలి, ముందు మార్చితే లోపలి యంత్రం చెడుతుంది.

ఫిల్టరు, హుడ్ 40.5 మి.మీ.వి తీసుకోండి. ఎదురు వెలుగులో పాత పూత తేలిపోతుంది కాబట్టి హుడ్ మానకండి.

ప్రశ్న: 39 మి.మీ. మర ఉన్న రష్యన్ లెన్సు కొన్నాను. నా ఫెడ్ కెమెరాకు చక్కగా బిగిసింది. రీలు మొత్తం మసక. లెన్సు పోయిందా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: లెన్సు బాగానే ఉండొచ్చు, అది పాత జెనిట్ ఎస్ఎల్ఆర్ కెమెరాది అయ్యుంటుంది. మర ఒకటే, దూరం వేరు. ఫెడ్, జోర్కీలకు మౌంటు నుంచి ఫిల్ముకు 28.8 మి.మీ.; జెనిట్ ఎస్ఎల్ఆర్‌కు 45.2. అంటే మీ లెన్సు 16 మి.మీ. పైచిలుకు లోపలికి కూర్చుంది, ఏ దూరంలోనూ స్పష్టత రాదు. వెనక వైపు చూడండి: ఫోకస్ తిప్పుతుంటే ముందుకూ వెనక్కూ కదిలే లోహపు రింగు ఉండాలి. రేంజ్‌ఫైండరు మీటను నెట్టేది అదే. అది లేకపోతే మీ కెమెరాకు పనికిరాదు. ఎన్‌లార్జరు లెన్సులకూ ఇదే మర ఉంటుంది, జాగ్రత్త.

ప్రశ్న: లైకా ఎం బాడీకి ఈ 39 మి.మీ. మర లెన్సులు పడతాయా? మా ఊరి ఉక్కలో ఎలా దాచాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మిల్లీమీటరు మందం అడాప్టరు వేస్తే పడతాయి. వ్యూఫైండరులో 50 మి.మీ. ఫ్రేము గీతలు వచ్చే రకమే అడిగి తీసుకోండి. సోవియట్ లెన్సులు లైకా కొలతకు చేసినవి కావు కనుక, దగ్గరి ఫొటోలకు ఎఫ్/5.6కి దించండి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే కెనన్ 50 మి.మీ. ఎఫ్/1.8 మేలు. అయితే అపర్చర్ పక్కనున్న అద్దానికి మసక పట్టడం దీనికి మామూలే. ముదిరితే అద్దాన్నే తినేస్తుంది, తుడిచినా పోదు.

తోలు కేసులో పెట్టి బీరువాలో వదిలేయకండి, ఫంగస్‌కు అంతకన్నా ఇష్టమైన చోటు లేదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ మీటరు 40–50 శాతం మధ్య ఉండేలా చూడండి. కలరా ఉండలు మాత్రం వద్దు. ఎండలో కెమెరా మెడలో వేలాడుతున్నప్పుడు మూత పెట్టే ఉంచండి. ఎస్ఎల్ఆర్‌లోలా లోపల అద్దం అడ్డులేదు కాబట్టి, సూర్యుడు లెన్సులోంచి గుడ్డ షట్టరుకు చిల్లు పెడతాడు.