రాత్రి జాంబీలు, తెల్లవారుజామున పీడకలలు.. సిరీస్ ఆపేయాలా?

ప్రశ్న: నా వయసు 38. మైగ్రేన్ రాకుండా ప్రొప్రనలాల్ మాత్ర వాడుతున్నాను. నెల క్రితం మోతాదు పెంచారు, తలనొప్పి బాగా తగ్గింది. దాదాపు అప్పటి నుంచే రాత్రి బాబు పడుకున్నాక మా వారూ నేనూ ‘ది వాకింగ్ డెడ్’ చూస్తున్నాం, చచ్చి లేచి మనుషుల్ని కరిచే జాంబీల సిరీస్ అది, వాళ్లు కరిస్తే మనుషులూ జాంబీలైపోతారు. ఒక్క ఎపిసోడ్ అనుకుని కూర్చుంటే మూడు అవుతాయి. ఇరవై రోజులుగా తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో తరుముతున్నట్టు కల వచ్చి, గుండె దడతో లేస్తున్నాను. మళ్లీ నిద్ర పట్టదు. మా వారికి మాత్రం ఏమీ లేదు, హాయిగా గురకపెడతారు. అంత కష్టపడి చూడాల్సిన సిరీసేనా ఇది? ఆపేయమంటారా? పదకొండేళ్ల మా అబ్బాయి కూడా చూస్తానని గొడవ చేస్తున్నాడు.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది సిరీస్ గురించి. నాకు ముందు అనుమానం వచ్చింది మాత్ర మీద. ప్రొప్రనలాల్ కొవ్వులో కరిగే మందు కాబట్టి మెదడులోకి తేలిగ్గా వెళ్తుంది. కొందరిలో కళ్లకు కట్టినట్టుండే కలలు, పీడకలలు తెప్పిస్తుంది. మోతాదు పెంచడం, జాంబీలు ఇంట్లోకి రావడం ఒకేసారి జరిగాయి కాబట్టి తప్పు ఎవరిదో ఇప్పుడే చెప్పలేం. రెండూ కలిసి కూడా చేస్తూ ఉండొచ్చు.

అలాగని మాత్ర ఆపకండి. సొంతంగా అస్సలు ఆపకండి. ఉన్నట్టుండి మానేస్తే గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. ఆపాల్సింది సిరీస్‌ని, అదీ ఓ పది రోజులే. మాత్ర ఎప్పటిలాగే వేసుకోండి. ఈ పది రోజుల్లో కల వచ్చిన రోజు, లేచిన టైమ్ ఒక కాగితం మీద రాసుకోండి. కలలు తగ్గిపోతే దోషం చాలావరకు రాత్రి షోలదే. తగ్గకపోతే ఆ కాగితం పట్టుకుని మాత్ర రాసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెదడులోకి తక్కువగా వెళ్లే మందులు ఇదే జాతిలో ఉన్నాయి. మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది ఆయన చూసుకుంటారు.

కల నాలుగింటికే ఎందుకు వస్తుందంటే, కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి చివరి భాగంలో ఎక్కువసేపు ఉంటుంది. పడుకునే ముందు రెండు గంటల పాటు కేకలు, రక్తం, పరుగులు చూశాక ఒళ్లు వెంటనే చల్లబడదు. అదంతా మేకప్పేనని మనకు తెలిసినా, తెర మీద చెయ్యి ఒక్కసారిగా బయటికొస్తే ఉలిక్కిపడతాం కదా, ఆ ఉలికిపాటు ఆలోచన కంటే ముందే వచ్చేస్తుంది. పైగా మూడు ఎపిసోడ్లంటే రెండు గంటలకు పైగా నిద్రకు కోత. నిద్ర తగ్గితే మైగ్రేన్ తిరగబెడుతుంది. మాత్రతో తగ్గించుకున్నదాన్ని మీరే పిలిచి కూర్చోబెట్టినట్టవుతుంది.

ఇక చూడదగ్గదేనా అంటారా? నేనూ చూశాను, పూర్తిగా కాదు. 2010లో మొదలై 2022లో ముగిసిన ఈ సిరీస్‌లో 11 సీజన్లు, 177 ఎపిసోడ్లు. మీ లెక్కన రోజుకు మూడు చూసినా 59 రాత్రులు. మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లే, బిగువుగా ఉంటుంది, చూడొచ్చు. రెండో సీజన్ పొలం దగ్గర బాగా నిదానిస్తుంది. అక్కడి నుంచి జాంబీలు వానలాంటివాళ్లు, ఎప్పుడూ కురుస్తూనే ఉంటారు. అసలు కథంతా ఒకే గొడుగు కింద ఇరుక్కున్న మనుషుల కొట్లాట. ఆ మనుషులు మీకు నచ్చితే కొనసాగించండి, లేదంటే ఆరో ఎపిసోడ్‌తో వదిలేసినవాళ్లు పెద్దగా నష్టపోయిందేమీ లేదు. ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో హింస మాత్రం దారుణంగా ఉంటుంది. నిద్ర పూర్తిగా కుదుటపడకుండా దాని జోలికి వెళ్లకండి.

డాక్టర్‌గా నాకు నవ్వొచ్చేది మొదటి ఎపిసోడే. హీరో ఆస్పత్రిలో కోమా నుంచి లేస్తాడు. పక్కన పూలు ఎండిపోయి ఉంటాయి, మనుషులెవరూ ఉండరు. సెలైన్ మార్చేవాళ్లు లేకపోతే మనిషి కొద్ది రోజులే బతుకుతాడు. బతికినా, వారాల తరబడి మంచం మీదున్నవాడి కాళ్లలో కండ కరిగిపోయి, నిలబడటానికే ఫిజియోథెరపీ కావాలి. ఇతను లేచి మెట్లు దిగేస్తాడు!

పది రోజుల తర్వాత మళ్లీ చూడాలనిపిస్తే సెలవు రోజు పగటి పూట చూడండి, రోజుకు ఒకటే. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ తీసేయండి. ఇంకో చిట్కా, ఎపిసోడ్ చివర కాకుండా మధ్యలో ఆపండి. చివరి నిమిషంలో ఎవరి ప్రాణమో గాల్లో పెట్టి వదలడం వీళ్ల పద్ధతి. తర్వాతి దాంట్లో మొదటి పది నిమిషాలకు ఆ ముడి చాలాసార్లు విడిపోతుంది. అక్కడ లేస్తే మనసు లాగదు.

ఒకటే కల మళ్లీ మళ్లీ వస్తుంటే, పగలు దాన్ని రాసి ముగింపు మార్చండి. తరుముతున్నవాడు తలుపు దగ్గర ఆగిపోయాడనో, మీరు వెనక్కి తిరిగితే తెలిసిన మనిషేననో రాసుకోండి. మార్చిన కలను రోజూ పది, పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించండి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉన్నా, పీడకలలకు మేం నిజంగా చేయించే చికిత్సే ఇది.

మీ వారు గురకపెట్టడం ధైర్యమూ కాదు, మీరు ఉలిక్కిపడటం పిరికితనమూ కాదు. భయం కొందరికి వినోదంగా దిగుతుంది, కొందరికి దిగదు, అంతే. రోజూ గట్టిగా గురక ఉంటే మాత్రం ఆయన్ని కూడా ఒకసారి చూపించండి.

బాబుకు వద్దు. అమెరికాలోనే దీనికి పదిహేడేళ్ల లోపు పిల్లలకు తగదన్న రేటింగ్ ఉంది. ఊరికే వద్దంటే వినడు కాబట్టి రేబిస్ గురించి చెప్పండి. కాటుతో సోకి, మెదడుకు ఎక్కి, మనిషిని మార్చేసే జబ్బు నిజంగా ఉంది. కాకపోతే కరవగానే నిమిషాల్లో ఏమీ కాదు, లక్షణాలు రావడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధిలోనే టీకా కాపాడుతుంది. లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లు బహు అరుదు. సిరీస్‌లో కరిస్తే కాలు నరికేస్తారు. మనం వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి టీకాకు పరిగెడతాం.

గుండె దడ పగలు కూడా వస్తున్నా, కళ్లు తిరిగినా, ఆయాసం ఉన్నా పది రోజులు ఆగకండి, వెంటనే వెళ్లి ఈసీజీ తీయించుకోండి.