ముందు చెట్లకు వల చుట్టండి, కట్ట తెంచకండి

ఇంగ్లండ్‌లోని డెవన్‌లో మీ పెరటి వాగుకు బీవర్లు (చెట్లు కొరికి వాగులకు కట్టలు వేసే, ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువులు) అడ్డుకట్ట వేశాయనీ, రెండు ఆపిల్ చెట్లను కొరికేశాయనీ, కట్ట తెంచేయవచ్చా అనీ అడిగారు కదండీ. దయచేసి తొందరపడకండి. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి బీవర్లకు చట్టరక్షణ ఉంది. ముందు అక్కడి ప్రకృతి సంరక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ వాళ్లను సంప్రదించండి. తెంచినా అవి చాలాసార్లు రాత్రికి రాత్రే మళ్లీ కట్టేస్తాయి.

చెట్ల సంగతి తేలిక. మొదలు చుట్టూ గట్టి ఇనుప వలను మీటరు ఎత్తున, బెరడుకు తగలకుండా కాస్త ఎడంగా చుట్టండి. కోళ్లగూటికి వాడే పల్చటి వల ఆగదు.

నీటికైతే కట్ట గుండా లావుపాటి పైపు వేయించడమే మంచి దారి. నీరు పారే చప్పుడు ఎక్కడ వినిపిస్తే అక్కడ పూడ్చడం బీవర్ల స్వభావం. అందుకే పైపు ఎగువ కొసను కట్టకు దూరంగా, మడుగు లోపల, వల పంజరంలో పెడతారు. పైపు ఎంత ఎత్తులో ఉంటే నీరు దాదాపు అక్కడే నిలుస్తుంది, వాటి మడుగూ మిగులుతుంది. అనుమతి కావాలేమో అదే ఫోనులో అడిగేయండి.

బొచ్చు కోసం వేటాడి, సుమారు 400 ఏళ్ల క్రితం బ్రిటన్‌లో తుడిచిపెట్టేసిన జీవులండీ ఇవి. మీ డెవన్‌లోనే ఓటర్ నది మీద 2015 నుంచి 2020 దాకా గమనిస్తే, వీటి కట్టలు ఈస్ట్ బడ్లీ ఊరి మీదికొచ్చే వరద ఉధృతిని తగ్గించాయని తేలింది.

నీరు ఇంటి గోడ దాకా వస్తోందా, తోట వరకేనా? ఫొటో పెట్టండి, పైపు ఎక్కడ వేయొచ్చో చూద్దాం.